రేపు రమ్మన్న భయము

మా యాచారములో, నాగార్జునసాగరమునకు పోవు పెద్దరోడ్డు విడిచి కొంచెము లోపలికి నడిచినచో కానవచ్చు మా పాతయింటి తలుపు మీద, ఇప్పటికి మూడు మార్లు రంగు పూయించినను అణగక, పొద్దు వాలి ఎండ అడ్డముగా పడునప్పుడు గోధుమవన్నె మరకవలె పైకి తేలివచ్చు నాలుగు మాటలు కలవు. ‘ఓ స్త్రీ రేపు రా’ అనునవి ఆ మాటలు. రంగు వేయువాడు ప్రతిమారును ‘ఇగ గనపడదు సారూ’ అని హామీ యిచ్చి పోవును; ఒక వేసవి గడచుసరికి లోపలి డాంబరు వేడికి ఉబికి పైరంగును తినివేసి, అక్షరములను మరల బయటపెట్టును. వానిని చూచినప్పుడెల్ల నాకు కొంత నవ్వును కొంత సిగ్గును కలుగుచుండును. ఏలయన, అవి నా చేతివ్రాత.

1990ల ప్రాంతమున, ఒక ఆడుదయ్యము నడిరేయి ఇంటింటికిని వచ్చి, ఆ యింటివారికి మిక్కిలి ఆప్తులైనవారి గొంతుతో పేరు పెట్టి పిలుచుననియు, ‘ఆఁ’ అని పలికి గడియ తీసినవారు తెల్లవారుసరికి ఉండరనియు ఒక వదంతి తెలుగునాట ఊరినుండి ఊరికి ప్రాకినది. పొరుగున కన్నడదేశమున జనులు ‘నాళె బా’ అని తలుపుల మీద వ్రాసికొన్నారు. మనవారు ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసికొన్నారు. ఆ దయ్యమునకు చదువు వచ్చుననియు, వచ్చినది వచ్చినట్లే వ్రాత చూచి వెనుదిరిగి పోవుననియు, మరునాటి రాత్రి వచ్చి మరల అదే వ్రాత చదివికొని మరల పోవుననియు లోకమునకు గట్టి నమ్మకము. అక్షరాస్యత అంతగా లేని పల్లెలలో దయ్యమొక్కటే నిత్యము తప్పక చదువుచుండినదన్నమాట.

అప్పుడు నేను వేరొక పల్లెలో కొత్తగా తెలుగు పంతులుగా కుదిరినవాడను. తరగతిలో దయ్యములు లేవని పిల్లలకు పాఠము చెప్పి, సాయంకాలము వీధిలో పడి వచ్చుచుండగా, ఒక తలుపు మీద ‘ఓ ఇస్త్రీ రేపు రా’ అని వ్రాసియుండుట కంటబడినది. దయ్యము వచ్చి, ఈ పిలుపు తనకు గాదు, బట్టలు ఇస్త్రీ చేయువానికని తలంచి నిర్విచారముగా లోపలికి పోయినచో ఏమగునని నాలోని భాషాపండితుడు నవ్వుకొనుచుండగానే, ఆ యింటి పెద్దాయన అరుగు దిగి వచ్చి, ‘సారూ, నువ్వు సదువుకున్నోనివి. నీ చేతితోని తప్పు లేకుండ రాస్తివంటే అది సదివి మల్లిపోతది. జర మా తలుపు మీద రాసియ్యరాదు’ అని అడిగినాడు. కాదనుటకు నోరు రాలేదు. రోడ్డు వేసినవారు వదలిపోయిన పీపాలో అడుగున మిగిలిన డాంబరును కాచి, వేపపుల్ల కొన నమిలి కుంచెవలె చేసి, సకారమునకు తకార రేఫములు చక్కగా కుదురునట్లు వ్రాసితిని. మొదటి తలుపు చూచి రెండవవారు పిలిచిరి. నాలుగు సాయంకాలములలో సుమారు నలుబది తలుపులైనవి. నలుబది యొకటవది యాచారములోని మాది. మా అమ్మ పోరు పెట్టి వ్రాయించినది.

ఆ మాటల నేర్పును గూర్చి తరువాత అనేక పర్యాయములు ఆలోచించితిని. భయము వచ్చి తలుపు తట్టినప్పుడు మనుజుడు దానిని పొమ్మనలేడు, పొమ్మన్నచో కినిసి లోపల జొరబడునేమోనని. రమ్మనుట మొదలే కాని పని. కనుక రేపు రమ్మనును. అప్పిచ్చినవాని విషయమున తరతరములుగా పదును పెట్టుకొన్న యుక్తినే మనవారు దయ్యము మీదను ప్రయోగించిరి. దాదాపు ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట, 2018లో, ఇదే వదంతిని చందేరి అను ఊరికి తరలించి హిందీవారు ‘స్త్రీ’ అను చిత్రము తీసి జనులను నవ్వించి భయపెట్టినప్పుడు, దానికి 2024లో రెండవ భాగము కూడ వచ్చి దేశమంతయు విరుగబడి చూచినప్పుడు, మా తలుపు మీది సరకు ఎంత దూరము పోయినదో కదాయని ఆశ్చర్యపడితిని.

ఇంటరు చదువుచున్న నా మనుమడు సెలవులకు వచ్చినప్పుడెల్ల నాకు ఇటువంటి చిత్రములను చూపించుట ఒక వ్రతముగా పెట్టుకొన్నాడు. కొన్నింటిని ఇబ్రహీంపట్నము పోయి తెర మీదను, తక్కినవానిని మేడమీద మంచము వేసికొని వాని ఫోనులోను చూచితిమి. ఒకనాటి రాత్రి తెర మీద తలుపు ఢమాలున మూసికొనగా నేను ఉలికిపడుట చూచి, వాడు ‘తాతా, భయపడ్డవు గదా!’ అని చప్పట్లు చరచినాడు. ‘దడుసుకున్న బిడ్డా, భయపడలే’ అంటిని. ‘రెండు ఒకటే గాదా?’ అని వాడడిగినాడు. కాదు. తెలుగుభాష ఈ విషయమున మిక్కిలి సంపన్నము. ఉలికిపాటు చెవిది, పెద్దచప్పుడైనచో నిద్రించు పసిపాపయు ఉలికిపడును. దడ గుండెది, గుబులు కడుపులోనిది. భయమన్ననో, చిత్రము ముగిసి, ఇంటికి వచ్చి, కాళ్ళు కడుగుకొని, దీపమార్పబోవు చేయి ఒక్కక్షణము మీటమీద ఆగునే, ఆ ఆగుటలో నున్నది. ఈనాటి చిత్రములలో మొదటిది పుష్కలముగా దొరకుచున్నది. చివరిది దొరకుట అరుదు.

ఈ భేదమును మన పూర్వులు ఎరుగనివారు కారు. భరతముని నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున భయానకరసమును చెప్పుచు, దానికి నలుపు వర్ణమనియు, కాలుడు అధిదేవతయనియు నిర్ణయించినాడు. ఆ రసమును పుట్టించు కారణములను, అనగా విభావములను, లెక్కించుచు, వికృతమైన ధ్వనిని మొట్టమొదట పేర్కొని, భూతదర్శనమును, నక్కల గుడ్లగూబల కూతలను, పాడుపడిన యింటిలో అడుగిడుటను, అడవి ప్రవేశించుటను తరువాత చేర్చినాడు. కన్నునకన్న చెవియే భయమునకు మొదటి ద్వారమని ఇన్ని శతాబ్దులకు పూర్వమే గుర్తించిన ఆ మునికి, నేటి శబ్దగ్రాహకులందరును గురుపూర్ణిమనాడు ఒక కొబ్బరికాయ కొట్టవలసియున్నది. కాని ముని చెప్పినది వికృతధ్వనిని గూర్చి. మనవారు అందించుచున్నది మహాధ్వనిని. అర్ధరాత్రము రెండవగదిలో, ఎన్నడో పోయిన అమ్మమ్మ పోకలు నూరు చప్పుడు ఎంత సన్నగా వినబడిన అంత భయము.

అంతటితో ఆగక భరతుడు భయానకమును మూడు విధములుగా విభజించినాడు: వ్యాజముచేత, అనగా నటించినందువలన కలుగునది, అపరాధమువలన కలుగునది, బెదరింపువలన కలుగునది. మన భీకరచిత్రముల చరిత్ర సమస్తమును ఈ మూడు గళ్ళలో ఇమిడిపోవును. అభినవగుప్తుడు వ్యాఖ్యానించుచు, ఈ రసమునకు ఉదాహరణముగా దయ్యమును గాని రాక్షసుని గాని తీసికొనక, శాకుంతలము ప్రథమాంకమున దుష్యంతుని రథమునకు ముందు పరుగెత్తు లేడిని చూపినాడు. ఆ లేడి భయము లేడిదే యని గాని, నాదే యని గాని అనిపించక, దేశకాలముల హద్దు విడిచి కేవల భయముగా ప్రేక్షకుని హృదయమును చేరునట. నా మీదికే వచ్చుచున్నదని తోచిన భయము బాధ. ఎవరిదియు కాని భయము రసము. ఈ రెంటి నడుమనున్న పొలిమేరయే భీకరచిత్రమునకు నివాసస్థానము.

వ్యాజభయమునకు మనలో ఆద్యుడు మాయల మరాఠీ. 1942లో జెమినీవారి బాలనాగమ్మలో గోవిందరాజుల సుబ్బారావు ఆ వేషము కట్టగా పిల్లలు తల్లుల కొంగులలో దూరిరని మా పెద్దలు చెప్పుచుండెడివారు. ఏడు సముద్రముల ఆవల చిలుకలో ప్రాణము దాచుకొన్న ఆ మాంత్రికుడు ఎంత క్రూరుడైనను, చిలుక మెడ విరిచిన వాని పని యైనదని ఎరిగినందున, ఆ భయమునకు ఒక హద్దును ఒక తీపియు నుండెను. 1951లో వచ్చిన పాతాళభైరవిలోని నేపాళమాంత్రికుడు ఈ వంశమువాడే. ఆ వేషము వేయునాటికి ఎస్వీ రంగారావునకు ముప్పదిమూడేండ్లు నిండలేదని తలంచినచో, ఆ కంటిచూపు ఎక్కడినుండి వచ్చెనో బోధపడదు. ఇక విఠలాచార్య సంగతి. 1978లో ఆయన జగన్మోహిని వచ్చినప్పుడు నాకు పండ్రెండేండ్లు. కట్టెలకు బదులు కాళ్ళను పొయ్యిలో పెట్టి వంట వండు ఆ దయ్యమును చూచి మొదటినాడు వణకితిని, రెండవనాడు నవ్వితిని, మూడవనాడు, కట్టెల కొరకు ఎండలో గుట్టలు తిరుగు మా అమ్మకు ఈ సౌకర్యము లేకపోయెనే యని విచారించితిని. ఆయన దయ్యములు కష్టజీవులు. అవి వండును, వడ్డించును, కాపురము చేయును. వానిని చూచి బెదరిన పిల్లవాడు ఇంటికి వచ్చి కడుపునిండ అన్నము తినెడివాడు.

ఆ భయమునకు పట్నపుచొక్కా తొడిగినది రామ్‌గోపాల్‌వర్మ. 1992 నాటి ‘రాత్రి’లో కోటలు లేవు, మాంత్రికుని గడ్డము లేదు, కళాశాలకు పోవు ఒక పిల్ల, కొత్తగా దిగిన ఇల్లు, ఒక పిల్లి, ఉండవలసిన మనుష్యులు లేని చోటు, అంతే. రేవతి ముఖముమీద కెమెరా నిలిచినప్పుడు, ఆమె వెనుకనున్న ఖాళీస్థలమును మనమే భయముతో నింపుకొందుము. శూన్యాగారమును విభావములలో చేర్చిన ముని యీ చిత్రమును చూచినచో తల యూపియుండును. ఆ మార్గమున నడచినవారు తరువాత మిక్కిలి కొద్దిమంది. తక్కినవారందరు కోడి రామకృష్ణ వేసిన రాజబాటను పట్టిరి. 1995లో అమ్మోరు, 2009లో అరుంధతి ఆయనవే. అరుంధతిలో గద్వాల సంస్థానపు వైభవము, సమాధినుండి లేచివచ్చు పశుపతి పిలుపు, అనుష్క ఠీవి కలిసి, తెలుగుదేశమున ఆ యేడు సంక్రాంతినాళ్ళలో జనులను ఊపివైచినవి. పశుపతిగా నటించినది సోనూ సూద్ అయినను, ఇంటింట పిల్లలు అనుకరించినది అతనికి అరువిచ్చిన రవిశంకర్ కంఠమును. వికృతధ్వని రూపమునకన్న దూరము ప్రయాణించునని మరియొకసారి ఋజువైనది.

అరుంధతి తరువాత మన దయ్యములన్నియు భరతుని రెండవ గడిలో, అనగా అపరాధములో, స్థిరపడినవి. తెలుగు దయ్యము ఊరక రాదు. దానికి ఒక పూర్వకథ, ఆ పూర్వకథలో ఒక అన్యాయము, ఆ అన్యాయమునకు ఒక దోషి యుండవలెను. మొదటి సగము గోడలమీద ప్రాకి, జుట్టు విరబోసికొని కేకలు వేసినది, విరామానంతరము కన్నీరు నింపుకొని తన గోడు చెప్పుకొనును. న్యాయస్థానమున వాయిదా తేదీలు తప్ప తీర్పు దొరకని ఫిర్యాదుదారు వలె అది మనలను ఆశ్రయించును. దయ్యముపట్ల జాలి కలిగిన మరుక్షణము భయము సెలవు తీసికొనునన్నది వేరు సంగతి. 2013లో ప్రేమకథా చిత్రమ్, మరుసటి యేడు గీతాంజలి వచ్చిన పిమ్మట ఆ మిగిలిన భయము కూడ హాస్యమునకు కట్నముగా పోయినది. 2017లో ఆనందో బ్రహ్మ వచ్చునాటికి మనుష్యులను చూచి దయ్యములే హడలిపోవు స్థితి వచ్చినది. నిజము చెప్పవలెనన్న, ఆ పదియేండ్ల చిత్రములలో సత్యమునకు చేరువైన భావన అదే. 2021లో ప్రశాంత్ వర్మ జాంబీలను సీమకు తెచ్చి ‘జాంబీ రెడ్డి’ యని నామకరణము చేసినాడు. పరదేశపు శవము కూడ మన గడ్డ మీద అడుగు పెట్టవలెనన్న ఇంటిపేరు తప్పదు గదా.

ఇటీవలి చిత్రములలో నా మనస్సున నిలిచినది 2022 నాటి ‘మసూద’. భర్తనుండి విడివడి కూతురితో బ్రదుకు నీడ్చు నీలము, పొరుగింటి పిరికి యువకుడు గోపి, మారిపోవుచున్న ఆ పిల్ల, ఇంతే సామగ్రి. దర్శకుడు సాయికిరణ్ తొందరపడలేదు. పిల్ల మారుటను మనకన్న ముందు తల్లి గుర్తించును. తల్లి గుర్తించినదానిని పైకి చెప్పుకొనలేకపోవుటలో భయము గూడు కట్టును. జ్వరము వచ్చిన బిడ్డ నొసలు రాత్రి మూడుమార్లు తాకి చూచిన తల్లిదండ్రులందరికి ఆ గుబులు పరిచితమే. నటి సంగీత కండ్లలో దయ్యము కనబడదు, నిద్రలేమి కనబడును. ద్వితీయార్ధమున కథ మూలము వెదకుచు కాళ్ళరుగునట్లు తిరుగునప్పుడు ఆ బిగి కొంత సడలినది. అయినను ఆ రాత్రి మీటమీద నా చేయి ఆగినది.

2023లో కార్తీక్ దండు ‘విరూపాక్ష’ వచ్చినది. చేతబడి చేయుచున్నారను అనుమానముతో ఒక జంటను రుద్రవనమను ఊరివారు తగులబెట్టుటతో ఆ కథ 1979లో మొదలై, పండ్రెండేండ్ల తరువాత, పుష్కరము తిరుగగానే, చావులతో ఊరిని చుట్టుముట్టును. అష్టదిగ్బంధనము పేర ఊరి దారులన్నియు మూసివేయు ఘట్టమును చూచినప్పుడు మా ఊరి బొడ్రాయి పండుగ జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు ఆడబిడ్డలందరిని ముందుగానే పిలిపించుకొని, తంతు ముగియువరకు లోపలివారిని వెలుపలికి పోనీయక, వెలుపలివారిని లోపలికి రానీయక ఊరిని బంధింతురు. తెలిసిన తంతులోనుండి తెలియని భయమును తీయుట గొప్ప శిల్పము. అజనీశ్ లోక్‌నాథ్ సంగీతము దానికి వెన్నెముక. కాని ఆ మొదటి మంట నన్ను వదలలేదు. ఆ దహనము న్యాయమా యన్న ప్రశ్నను లేవనెత్తిన చిత్రము, మంత్రతంత్రముల వేగమున పడి దానిని దారిలోనే జారవిడిచినది. చేతబడి అనుమానము చుట్టును తిరుగు మరియొక కథ ‘మా ఊరి పొలిమేర’. 2021లో ఫోన్లలోనికి వచ్చి, ఆదరణ పొంది, 2023లో రెండవ భాగముతో వెండితెర నెక్కినది. దర్శకుడు అనిల్ విశ్వనాథ్ మలుపులు పన్నుటలో దిట్ట. హాస్యపాత్రలకు అలవాటు పడిన సత్యం రాజేశ్ ముఖములో ఇంత చీకటి యున్నదని కనిపెట్టుట ఆయన ప్రజ్ఞ. అయినను ఆ మలుపులు చివరకు మనలను చేర్చుచోటు ఒకటే: అనుమానము నిజమేనను చోటు.

అదే యేడు నవంబరులో వచ్చిన అజయ్ భూపతి ‘మంగళవారం’ గోడలమీది వ్రాతల కథ. రహస్యసంబంధములను బయటపెట్టుచు ఊరిగోడమీద అక్షరములు కనబడును, మంగళవారమునాడు ప్రాణములు పోవును. తలుపుల మీద వ్రాసినవాడను గనుక నాకా చిత్రముమీద అకారణమైన బంధుప్రీతి. రాత్రివేళ దయ్యముకన్న పొరుగువాని నాలుకకు జడియు పల్లెను అది బాగుగా పట్టుకొన్నది. నల్లగొండ ప్రాంతపు పాతయింటి కథయైన ‘పిండం’ తన్ను తాను అత్యంత భయంకర చిత్రముగా చాటుకొని వచ్చినది. ఇంత భయపెట్టెదనని ముందుగా చెప్పినవాడు ఎన్నడును అంత భయపెట్టలేడు. 2025 నాటి ‘కిష్కింధపురి’లో పాడుపడిన రేడియో కేంద్రమునుండి వినవచ్చు కంఠము మొదట చక్కగా ఒడలు గగుర్పొడిపించినది, ఆ కంఠమునకు ముఖమును, ఆ ముఖమునకు ఊరును పేరును దొరకిన వెంటనే అది తక్కినవానివంటి కథయే యైనది. అదే యేటి ‘శుభం’లో రాత్రి ధారావాహికవేళకు గృహిణులు పూనకము వచ్చినవారివలె టీవీ ముందు కూర్చుందురు. దానిని కల్పితమని ఎట్లందును?

నలుపే భయానకమునకు వర్ణమని భరతుడన్న మాటను ఈ కాలమున అక్షరాల పాటించినది మన చిత్రము కాదు, మలయాళ చిత్రము. 2024లో రాహుల్ సదాశివన్ రంగులన్నింటిని విడిచి తెలుపు నలుపులలో తీసిన ‘భ్రమయుగం’ తెలుగులోనికి అనువదింపబడి వచ్చినది. దారి తప్పిన ఒక గాయకుడు, పాడుపడిన మహాగృహము, ఆ యింటిలో వృద్ధుడైన మమ్ముట్టి, పాచికలాట. వాన కురియుచునే యుండును. తలుపు తెరచియే యుండును. వెలుపలికి మాత్రము పోవీలులేదు. అక్కడ దయ్యము పీడితుని పగ కాదు, అధికారము. చేతబలిమి కలవాడు ఎదుటివాని కాలమును తన పాచికలతో ఆడుకొనుటకన్న భీకరమైనదేమున్నది? చిత్రము ముగిసినప్పుడు నా మనుమడు ‘తాతా, ఇందుల దడుపిచ్చిందే లేదు’ అన్నాడు. కొంతసేపు ఊరకుండి, ‘కింద తలుపు గడియ వెట్టినవా?’ అని అడిగినాడు.

పొలిమేర యను మాటను మా పెద్దలు పొలి చల్లు మేరయని విడదీసి చెప్పుదురు. జాతరనాటి రాత్రి బలి యన్నమును ఊరిహద్దు వెంబడి చల్లుచు పోవుటయే ఆ పొలి. లోపలిది లోపల, వెలుపలిది వెలుపల నుండవలెనని దాని భావము. కట్టమీద మైసమ్మ, ఊరిచివర పోచమ్మ, నడుమ బొడ్రాయి కాపు కాయగా, భయమునకు తిరుగుటకు ఇంత స్థలమని కొలిచి యిచ్చిన యేర్పాటది. ఇప్పుడు ఆ హద్దుల వెంట వెంచర్ల రాళ్ళు పాతుచున్నారు. కుర్మిద్ద, మేడిపల్లి, తాటిపర్తి వైపు ఔషధనగరము పేర భూములు కదలినప్పటినుండి మా రైతును ఏ దయ్యమునకు జడిసెదవని అడిగినచో, నోటీసు తెచ్చువాని బండిచప్పుడునకని చెప్పును.

అయినను ఒక పాతభయము ఆ హద్దులను లెక్కచేయక ఊరిలోననే తిరుగుచున్నది. దాని పేరు బాణామతి, అనగా చేతబడి. ఎవరికో జ్వరము తగ్గదు, ఎవరిదో గొడ్డు చచ్చును. అందరి చూపులును ఒక ఒంటరి గుడిసెవైపు తిరుగును. అనుమానింపబడినవారిని చెట్టునకు కట్టి, మంత్రము పలుకరాకుండునట్లు పండ్లు రాలగొట్టిన పల్లెలు తెలంగాణమున కలవు. ప్రాణములు తీసినవియు కలవు. యండమూరి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చునాళ్ళలో, సూదులు గ్రుచ్చిన బొమ్మను తలంచుకొని ఎందరో రాత్రులు దీపమార్పక పరుండిరి. దానిపై రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని గ్రంథమే వ్రాసినది. జన విజ్ఞాన వేదికవారు పల్లెపల్లెకు పోయి, నిమ్మకాయలో నెత్తురు ఎట్లు పుట్టునో, కొబ్బరికాయ తనంత తాను ఎట్లు మండునో చేసి చూపి, ఆ గుట్టు విప్పుచున్నారు. రసజ్ఞుడనైన నేను కథలో దయ్యముండకూడదని అనజాలను. అన్నచో విఠలాచార్యకు ద్రోహము చేసినవాడనగుదును. కాని తెరమీది భయము ఎవరిదియు కాని భయముగా ఉండినంతకాలమే రసము. అది చిత్రశాల వెలుపలికి వచ్చి ఒక ఊరు, ఒక గుడిసె, ఒక మనిషి చిరునామా పట్టినప్పుడు, దానికి భరతుని శాస్త్రమున స్థానము లేదు.

ఆ నలుబది తలుపుల కథలో నేను ఇంతవరకు చెప్పని దొకటి మిగిలియున్నది. అది మా ఊరిలో జరిగినది కాదు. నేను పని చేయుచుండిన ఆ పల్లెలో. నాలుగవనాటి సాయంకాలము, డాంబరు అడుగంటి, వేళ్ళకంటిన మరకను కిరసనాయిలుతో రుద్దుకొనుచుండగా, ఊరిచివర గుడిసెలో ఒంటిగా నుండు ఒక ముసలమ్మ వచ్చి ఎదుట నిలిచినది. నాటు మందులు నూరి యిచ్చెడిది; పిల్లలు ఆమె నీడ తొక్కరు; ఆమె ఎదురువచ్చిన పనికి పోవువాడు ఒక్కక్షణమాగి పోవును. అంతకు మించి ఎవరును ఏమియు అనలేదు, అప్పటికి.

‘అందరి తలుపుల మీద రాస్తివట గదా బిడ్డా, నాకు గూడ రెండక్షరాలు రాసియ్యి’ అన్నది.

ఈమెకు కూడ దయ్యమన్న భయమా యని నాకు నవ్వు వచ్చినది. ‘నీకేం భయమే అవ్వా? నీ దగ్గరికి ఏ దయ్యమొస్తది?’ అంటిని.

‘దయ్యం నన్నేం జేస్తది బిడ్డా. నేను మందికి భయపడుతున్న. అందరి ఇండ్ల మీద ఉండి నా ఇంటి మీద లేకపాయె ననుకో, ఆ దయ్యం నేనే అంటరు.’

నా నవ్వు నాలుకమీదనే ఎండిపోయినది. లేచి ఆమె వెంట పోతిని. ఆ గుడిసెకు తలుపు లేదు, తడిక యున్నది; తడికమీద వ్రాత నిలువదు. ‘గోడ మీద రాయి’ అని పొయ్యిలోనుండి ఒక బొగ్గుముక్కను తానే తీసి ఊదుకొనుచు నా చేతిలో పెట్టినది. ఇంకను వెచ్చగానే యున్నది. పొద్దు గుంకలేదు, బావికి పోవువారు, మేకలు తోలుకొని వచ్చువారు, అందరు చూచుచుండగా, పేడ అలికిన ఆ మట్టిగోడమీద, నేనెన్నడును వ్రాయనంత పెద్ద అక్షరములతో వ్రాసితిని. ఆమెకు చదువు రాదు. అక్షరములను వ్రేలితో ఒకటొకటిగా లెక్కపెట్టుకొని, ఎదుటియింటి తలుపు వంక చూచి, ‘అదీ ఇదీ ఒక్కతీరుగనే ఉన్నది గదా?’ అని రెండుమార్లు అడిగి, తృప్తిపడి లోపలికి పోయినది.

మొన్న రాత్రి మేడమీద ఈ ముచ్చట చెప్పగా నా మనుమడు ఫోను ప్రక్కన పెట్టి కూర్చున్నాడు. ‘మరి ఆ రాత్రి దయ్యమొచ్చిందా తాతా?’ అన్నాడు.

‘రాలే బిడ్డా. మంది గూడ రాలే.’

వాడేమియు అనలేదు. క్రింద వీధిలో కుక్క ఒకటి రెండుమార్లు మొరగి ఊరకున్నది. నేను ఇన్ని చిత్రములు చూచితిని, జడిసితిని, నవ్వితిని, ఒప్పులెంచితిని, తప్పులెంచితిని. పొయ్యిలోని బొగ్గు ఊదుకొనుచు, తాను దయ్యమును కానని ఊరికి వ్రాసియిమ్మని అడుగు ఆ ముసలమ్మను మాత్రము ఏ తెరమీదను ఇంతవరకు చూడలేదు. వచ్చు సంవత్సరము మా తలుపునకు మరల రంగు వేయింపవలెనని ఇంటిలో అనుచున్నారు. నేను రేపు చూతమంటిని.